ముందు లిమిట్, తర్వాతే ప్రీమియం

"నాయినా, కారు ఇన్సూరెన్సు రెండొందల డాలర్లట."

"ఏడాదికా?"

"నెలకు."

మిర్యాలగూడలో ఫోను పట్టుకున్న మనిషి కాసేపు మాట్లాడడు. రూపాయల్లోకి మార్చుకుంటున్నాడని ఇటువైపు మీకు తెలుస్తూనే ఉంటుంది. చివరికి అంటాడు: "మన కారుకు ఏడాదికి గూడ గంత గాదు గదరా. కొంచెం తక్కువది ఏమన్న ఉన్నదేమో చూడు బిడ్డా."

మీ ఇంట్లో కూడా ఈ మాటలే నడిచి ఉంటాయి. అటువైపు సూర్యాపేట కావచ్చు, కోదాడ కావచ్చు, నాగార్జున సాగర్ హిల్ కాలనీ కావచ్చు. ఇటువైపు డాలస్ పక్కన డెంటన్‌లోనో ఇర్వింగ్‌లోనో నలుగురు కలిసి ఉండే ఇల్లు. కారు లేకపోతే కూరగాయలు తెచ్చుకోవడానికి కూడా ఇంకొకరిని బతిమాలుకోవాలి. కారు ఉంటే బీమా తప్పదు. అప్పుడు మీ వెతుకులాట మొత్తం ఒకే మాట చుట్టూ తిరుగుతుంది: తక్కువది.

ఆ మాట తప్పని నేననను. అప్పు చేసి పంపిన అమ్మానాన్నల డబ్బు అది, ప్రతి డాలరూ లెక్కే. తగ్గించుకునే దారులు చాలా ఉన్నాయి, వరసగా చెప్తాను. కానీ వాటికంటే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. అది తేలకుండా తక్కువ ధర వెతికితే కొన్నది బీమానా, ఉత్త కాగితమా అన్నది ప్రమాదం జరిగాక గానీ తెలియదు. ఉదాహరణలు ఎక్కువగా టెక్సాస్‌వే ఇస్తున్నాను. నేను కొత్తగా దిగింది అక్కడే, తప్పులు చేసి నేర్చుకున్నదీ అక్కడే.

మన దేశపు లెక్క అమెరికాలో ఎందుకు పనికిరాదు?

మన దేశంలో థర్డ్ పార్టీ బీమా ధరను ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 1000 సీసీ దాటి 1500 సీసీ లోపు ఉన్న సొంత కారుకు 2022 జూన్ నుంచి అమలైన ధర ఏడాదికి 3,416 రూపాయలు, పన్ను అదనం. అంత తక్కువకే మనకు ఏం వస్తోందో ఎప్పుడైనా ఆలోచించారా? సూర్యాపేట దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి మీద మీ నాన్న కారు తగిలి ఒక మనిషి ప్రాణం పోయిందనుకోండి. పాలసీ షరతులన్నీ సరిగా ఉంటే, ట్రిబ్యునల్ పది లక్షలు ఇమ్మన్నా, కోటి ఇమ్మన్నా బీమా కంపెనీయే కట్టాలి. అవతలి మనిషికి జరిగిన హానికి ఆ పాలసీలో పైహద్దు లేదు. ఆస్తి నష్టానికి మాత్రం 7.5 లక్షల హద్దు ఉంది.

అందుకే మన ఇళ్ళలో "థర్డ్ పార్టీ ఒక్కటి కట్టు, చాలు" అన్న మాట నిలబడింది. మన దగ్గర అది తెలివైన మాటే.

అమెరికాలో మీరు కొనేది ఒక అంకెను. టెక్సాస్‌లో చట్టం అడిగే కనీసాన్ని 30/60/25 అంటారు. మీ తప్పు వల్ల గాయపడిన ఒక్క మనిషికి 30,000 డాలర్లు, ఆ ప్రమాదంలో గాయపడిన అందరికీ కలిపి 60,000, అవతలి వాళ్ళ ఆస్తికి 25,000. కంపెనీ కట్టేది అక్కడిదాకే.

సాగర్ ఆయకట్టులో పుట్టినవాళ్ళకు ఇది చెప్పడం తేలిక. డ్యాం పూర్తి నీటిమట్టం 590 అడుగులు. అక్కడికి చేరాక పైనుంచి వరద వస్తూనే ఉంటే ఏం చేస్తారు? గేట్లు ఎత్తుతారు, నీళ్ళు కిందికి పోతాయి. పాలసీలో లిమిట్ ఆ 590 లాంటిది. నష్టం అది దాటాక ఒక్కో డాలరూ కిందికి దిగుతుంది. ఆ కింద ఉన్నది మీరు.

ఒక సందర్భం చూద్దాం. సిగ్నల్ దగ్గర ఒక్క క్షణం ఫోను వైపు చూశారు, ముందున్న కారును గుద్దారు. అది 45,000 డాలర్ల కొత్త బండి, బాగుచేయడానికి వీల్లేకుండా పోయింది. మీ కనీస పాలసీ 25,000 ఇస్తుంది. మిగిలిన 20,000? మన డబ్బులో పదిహేడు లక్షల పైమాటే. ఇది ఇనుముకు మాత్రమే. అందులో ఉన్న మనిషికి మెడ పట్టేసి, అంబులెన్సు, ఎమర్జెన్సీ గది, స్కాన్లు, నెలల తరబడి ఫిజియోథెరపీ అంటే 30,000 దాటడం ఆ దేశంలో పెద్ద విషయం కాదు.

"నేను విద్యార్థిని, నా దగ్గర ఏముందని తీసుకుంటారు?" అని అడుగుతారు మీరు. ఇవాళ ఏమీ లేకపోవచ్చు. కోర్టు తీర్పు మాత్రం బాకీగా మీ పేరు మీద ఏళ్ళ తరబడి నిలబడుతుంది. మీకు ఉద్యోగం వచ్చాక, ఇల్లు కొనాలనుకున్నాక కూడా అది ఉంటుంది. టెక్సాస్‌లో ప్రమాదం తాలూకు తీర్పు సొమ్ము చెల్లించకపోతే డ్రైవింగ్ లైసెన్సును సస్పెండ్ చేసే వీలు కూడా ఉంది.

ఇక అడుగులు చూద్దాం.

1. లిమిట్‌ను మీరే చెప్పండి, ధరను వాళ్ళను చెప్పనివ్వండి

కొత్తవాళ్ళు ఏజెంటుకు ఫోన్ చేసి ముందుగా అడిగేది "ఎంత తక్కువకు ఇస్తారు?" అని. అలా అడిగితే రాష్ట్రం అనుమతించే కనీసం చేతిలో పెడతారు. వాళ్ళ తప్పేం లేదు, మీరు అడిగిందే ఇచ్చారు.

ఇలా అడగండి: "100/300/100కి ఎంత? 50/100/50కి ఎంత? 30/60/25కి ఎంత?" మూడు అంకెలూ కాగితం మీద రాసుకోండి. లిమిట్ మూడింతలైనంత మాత్రాన ప్రీమియం మూడింతలు కాదు. మొదటి మెట్టుకే ఎక్కువ ఖర్చు, పై మెట్లకు తక్కువ. తేడా నెలకు ఎంతో చూడండి. అది రెండు పూటల బయటి తిండి ఖర్చు దగ్గర ఉంటే ఇంక ఆలోచించకండి. మీ జేబుకు 100/300/100 నిజంగా అందకపోతే మధ్యదానికి దిగండి. కనీసం దగ్గర ఆగడం మాత్రం ఆఖరి దారిగానే ఉంచుకోండి.

రాష్ట్రం మారితే అంకెలూ మారతాయి. కాలిఫోర్నియా కనీసం 2025 జనవరి నుంచి 30/60/15 అయింది. అంతకు ముందు ఎన్నో ఏళ్ళుగా అది 15/30/5. అంటే అవతలి కారుకు జరిగిన నష్టానికి 5,000 డాలర్లే! "మా సీనియర్ ఇంతకే తీసుకున్నాడు" అనే మాటను నమ్మేముందు ఏ రాష్ట్రంలో, ఏ సంవత్సరంలో తీసుకున్నాడో అడగండి.

2. మూడు చోట్ల ధర అడగండి, సరుకు మాత్రం ఒకటే ఉండాలి

మిర్యాలగూడ మిల్లుల ఊరు. సన్నాల ధరకూ దొడ్డు బియ్యం ధరకూ పోలిక పెట్టి "వీడు చవకగా ఇస్తున్నాడు" అనే మనిషి అక్కడ దొరకడు. బీమా దగ్గరికి వచ్చేసరికి మనం చేసేది అదే. ఒక కంపెనీది 30/60/25, ఇంకో కంపెనీది 50/100/50. ఒకదాంట్లో డిడక్టబుల్ (మీ కారు రిపేరులో ముందుగా మీరే పెట్టుకోవాల్సిన సొమ్ము) 500, ఇంకోదాంట్లో 1,000. ఒకటి నెల ధర, ఒకటి ఆరు నెలల ధర. వీటిని పక్కపక్కన పెట్టి తక్కువ అంకెను ఎంచుకుంటే అందులో పోలిక ఎక్కడుంది?

లిమిట్లు, డిడక్టబుల్, గడువు, కారు, డ్రైవర్లు అన్నీ ఒకేలా పెట్టి అడగండి. ఒక ధర నేరుగా కంపెనీ నుంచి తీసుకోండి. ఒకటి ఆ ఒక్క కంపెనీకే పనిచేసే ఏజెంటు నుంచి, ఇంకొకటి నాలుగైదు కంపెనీల పాలసీలు అమ్మే ఇండిపెండెంట్ ఏజెంటు నుంచి. టెక్సాస్‌లో అయితే ప్రభుత్వ బీమా శాఖ తరఫున 'హెల్ప్ ఇన్సూర్' అనే వెబ్‌సైట్ ఉంది. మీ ప్రాంతానికి ఏ కంపెనీ ధరలు ఎలా ఉన్నాయో అక్కడ ఒక అంచనా దొరుకుతుంది. ఫోన్ చేసే ముందు అది చూసుకుంటే మీ గొంతులో ధైర్యం ఉంటుంది.

సోషల్ సెక్యూరిటీ నంబరు ఇంకా రాలేదా? అది లేకుండా కోట్ ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. ఒక చోట కాదంటే రెండో చోట అడగండి.

3. మీ సొంత కారు సంగతి

లయబిలిటీ అంటే అవతలి వాళ్ళకు జరిగిన నష్టం. మీ బండికి దాంట్లో ఒక్క డాలరూ రాదు. మీ బండికి రెండు వేరే కవరేజీలు ఉన్నాయి. గుద్దుకుంటే కొలిజన్. గుద్దుకోకుండా జరిగే వాటికి కాంప్రహెన్సివ్: దొంగతనం, మంటలు, వరద, అద్దం పగలడం, వడగళ్ళు. జింక అడ్డొచ్చి తగిలితే కూడా కాంప్రహెన్సివే. చాలామంది దాన్ని కొలిజన్ అనుకుంటారు. వడగళ్ళను తేలిగ్గా తీసుకోకండి. డాలస్ వైపు ఎండాకాలం ముందు పడే వడగళ్ళకు ఆరుబయట నిలిపిన కారు బానెట్ అంతా చొట్టలు పడుతుంది.

ఈ రెండూ కలిపి తీసుకున్నదాన్నే మనవాళ్ళు 'ఫుల్ కవరేజ్' అంటారు. చట్టంలో ఆ పేరుతో ఏదీ లేదు. ఫుల్ కవరేజ్ ఉందని చెప్పుకునే వాళ్ళలో లయబిలిటీ మాత్రం 30/60/25 దగ్గరే ఉన్నవాళ్ళు ఎందరో. కాబట్టి ఆ మాట వినగానే "ఏమేం ఉన్నాయి? ఎంతెంత?" అని అడగండి.

మీకు ఇవి కావాలా? కారు అప్పు మీద కొంటే మీ ఇష్టం లేదు, బ్యాంకే అడుగుతుంది. రొక్కం పెట్టి నాలుగు వేల డాలర్ల పాత కారు కొంటే ఒక మోటు లెక్క ఉంది: ఈ రెండింటికీ ఏడాదికి కట్టేది కారు విలువలో పదో వంతు దాటితే మానుకోవచ్చు. అక్కడ మిగిలిన డబ్బును లిమిట్లు పెంచడానికి పెట్టండి. మీ కారు పోతే నాలుగు వేలు పోతాయి. అవతలి మనిషి ఆస్పత్రి పాలైతే ఎంత పోతుందో ముందే చెప్పలేం.

4. డిడక్టబుల్ అంటే 510 అడుగులు

సాగర్‌లో నీటిమట్టం 510 అడుగులకు పడిపోయిందంటే కాలువలకు నీళ్ళ మాట కష్టమేనని ఆయకట్టు రైతుకు తెలుసు. మీ కారు రిపేరులో డిడక్టబుల్ ఆ గీత లాంటిది. నష్టం అక్కడిదాకా ఉంటే కంపెనీ నుంచి చుక్క రాదు, పై భాగానికే వస్తుంది. 500ను 1,000 చేస్తే ప్రీమియం తగ్గుతుంది, మంచి దారే. ఒకే ఒక్క షరతు: ఆ 1,000 డాలర్లు మీ ఖాతాలో ముట్టుకోకుండా ఉండాలి. లేకపోతే రిపేరు షాపులో కారు, చేతిలో పాలసీ, కట్టడానికి డబ్బు లేక రూమ్మేట్ల దగ్గర చేయి చాచడం.

5. సంతకం పెట్టే ముందు ఈ రెండు కాగితాలు చదవండి

ఇది నా సొంత కథ. వెళ్ళిన ఏడాదే ఒక చిన్న ఆఫీసులో పాలసీ తీసుకున్నాను. "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అని వేలు పెట్టి చూపిస్తే సంతకాలు పెట్టేశాను. నెల ధర తగ్గింది, సంతోషంగా బయటికొచ్చాను. నాలుగు నెలలకు సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న నన్ను వెనకనుంచి ఒకాయన గుద్దాడు. తప్పు పూర్తిగా ఆయనదే. ఆయనకు బీమా లేదు. నా పాలసీ తీసి చూసుకుంటే, నేను సంతకాలు పెట్టిన వాటిలో ఒక కాగితం 'అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్' కవరేజీ నాకు వద్దని రాసిచ్చినది. ఇంకొకటి పిప్ వద్దని రాసిచ్చినది. నడుము నొప్పికి నా వైద్యం ఖర్చు, కారు ఖర్చు రెండూ నావే అయ్యాయి.

బీమా లేని వాళ్ళు, చాలినంత లేని వాళ్ళు మిమ్మల్ని గుద్దితే మీ పాలసీయే ఆదుకునేది అన్‌ఇన్సూర్డ్ లేదా అండర్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవరేజీ. తప్పు ఎవరిదైనా మీకూ మీ కారులో ఉన్నవాళ్ళకూ వైద్యం ఖర్చు, జీతం నష్టంలో కొంత ఇచ్చేది పిప్. టెక్సాస్‌లో కంపెనీలు ఈ రెండూ మీ ముందు పెట్టి తీరాలి. వద్దంటే రాతపూర్వకంగా చెప్పాలి. మీరు చదవకుండా సంతకం పెట్టే కాగితాల్లో ఉండేది ఆ 'వద్దు'యే. చదవండి. ఎదురుగా కూర్చున్న మనిషి గడియారం చూసుకుంటున్నా సరే, చదవండి.

6. కారు కొనేముందే బీమా ధర తెలుసుకోండి

కారు నచ్చింది, బేరం కుదిరింది, డబ్బు కట్టేశాక బీమా అడిగితే గుండె జారింది. ఎంతమందికి జరిగిందో! అమ్మేవాళ్ళ నుంచి 17 అక్షరాల విన్ నంబరు తీసుకోండి, దానితో కోట్ అడగండి. పది నిమిషాల పని.

పాత కరోలా, సివిక్ లాంటివి మనవాళ్ళు వెతకడం ఊరికే కాదు. విడిభాగాలు దొరుకుతాయి, ధరా అందుబాటులో ఉంటుంది. దొంగతనాన్ని అడ్డుకునే ఇమ్మొబిలైజర్ లేకుండా వచ్చిన కొన్ని హ్యుందాయ్, కియా మోడళ్ళ దొంగతనాలు 2022 ప్రాంతంలో అమెరికా అంతటా బాగా పెరిగాయి, వాటికి బీమా దొరకడం కొన్ని చోట్ల కష్టమైంది. చవకగా వస్తోందని అలాంటిది కొనే ముందు ఆ రక్షణ తర్వాతైనా పెట్టారా అని అడగండి. టైటిల్ మీద 'సాల్వేజ్' అని ఉన్న బండిని రోడ్డు మీదికే తేకూడదు. 'రీబిల్ట్' అని ఉంటే చాలా కంపెనీలు లయబిలిటీ వరకే ఇస్తాయి. సగం ధరకే వస్తున్న కారు వెనక తరచుగా ఉండేది ఆ మాటే.

7. లైసెన్సు పని ఇంటి దగ్గరే మొదలవుతుంది

ఇంకా బయల్దేరలేదా? అయితే మంచిది. టికెట్ బుక్ చేసుకున్న వారంలోనే రవాణా కార్యాలయంలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టండి. ఏడాదిపాటు చెల్లుతుంది. అది మీ లైసెన్సుకు తోడు మాత్రమే, అసలు లైసెన్సు కూడా వెంట ఉండాలి. లైసెన్సు ఎప్పటినుంచి ఉందో తెలిపే వివరాల పత్రం ఒకటి తెచ్చుకోండి. ఇక్కడ మీ పేరు మీద కారు ఉండి క్లెయిమ్ చేయకపోతే నో క్లెయిమ్ బోనస్ లెటర్ కూడా అడిగి తీసుకోండి. అక్కడి కంపెనీల్లో కొన్నే వీటిని లెక్కలోకి తీసుకుంటాయి. చూపిస్తే పోయేదేం లేదు. ఒక్క సంగతి, కారు నాన్న పేరు మీద ఉంటే ఆ బోనస్ నాన్నదే. కోదాడ నుంచి హైదరాబాదుకు వందసార్లు మీరే నడిపినా కాగితం మీద అది మీ అనుభవం కాదు.

టెక్సాస్‌లో స్థిరపడ్డాక పాత లైసెన్సుతో 90 రోజులు నడపవచ్చు. ఆలోపు ఆ రాష్ట్రపు లైసెన్సు తీసుకోవాలి. మన లైసెన్సు చూపిస్తే నేరుగా మార్చి ఇవ్వరు, రాత పరీక్ష, డ్రైవింగ్ పరీక్ష రెండూ ఉంటాయి. అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పడుతుంది కాబట్టి దిగిన మొదటి వారంలోనే తీసుకోండి. ఆ లైసెన్సు చేతికి రాగానే కంపెనీకి చెప్పి మళ్ళీ ధర అడగండి. అందరూ మరిచిపోయేది ఇదే. విదేశీ లైసెన్సుతో మొదలైన ధరనే ఏడాది పొడుగునా కడుతూ ఉంటారు.

ఇంకో లాభం కూడా ఉంది. చిన్న ట్రాఫిక్ టికెట్ పడితే, టెక్సాస్ లైసెన్సు, బీమా రెండూ ఉన్నవాళ్ళు చాలా సందర్భాల్లో ఏడాదికి ఒకసారి డిఫెన్సివ్ డ్రైవింగ్ తరగతి పూర్తి చేసి ఆ టికెట్‌ను కొట్టేయించుకోవచ్చు. టికెట్ రికార్డులోకి ఎక్కదు, ప్రీమియం పెరగదు. స్టాప్ బోర్డు దగ్గర చక్రం పూర్తిగా ఆగకపోయినా టికెట్ పడే దేశం అది. మన హైవే మీద ఎదురుగా రాంగ్ రూట్‌లో వచ్చే బండిని తప్పించుకునే నేర్పు అక్కడ అక్కరకు రాదు. చక్రం ఆపడం అలవాటు చేసుకోండి.

8. రూమ్మేట్లను దాచకండి

నలుగురున్నారు, కారు ఒకటే. పేరు ఒకరిది, నడిపేది నలుగురు. పాలసీలో ఉన్నది ఒక్కరే, ఎందుకంటే మిగతా ముగ్గురినీ చేర్చితే ధర పెరుగుతుంది. ఇది నేను చూసిన ఇళ్ళలో సగానికి పైగా ఉన్న ఏర్పాటు.

ఎప్పుడో ఒకసారి స్నేహితుడు మీ కారు తీసుకెళ్తే సాధారణంగా మీ పాలసీయే ముందు నిలబడుతుంది. నష్టం జరిగితే క్లెయిమ్ మీ పేరు మీదే, పెరిగేది మీ ప్రీమియమే. కానీ ఒకే ఇంట్లో ఉంటూ రోజూ నడిపే మనిషి 'ఎప్పుడో ఒకసారి' కిందికి రాడు. ఇంట్లో ఎవరెవరున్నారని కంపెనీ అడిగినప్పుడు దాస్తే, క్లెయిమ్ రోజున ఆ మాటే అడ్డం పడుతుంది. ఫలానా వారికి వర్తించదని రాసి తీసేయించిన పేరైతే, ఆ మనిషి నడిపినప్పుడు పాలసీ లేనట్టే.

ఏం చేయాలి? క్రమంగా నడిపేవాళ్ళను చేర్చండి, పెరిగిన ధరను పంచుకోండి. మిగతావాళ్ళకు తాళం ఇవ్వకండి. మొహమాటం కష్టమే, నాకు తెలుసు. "వాడు మా ఊరోడే, ఎట్ల కాదంటం?" అంటారు. ఊరివాడు కాబట్టే చెప్పాలి. గుద్దితే ఇద్దరూ మునుగుతారు.

చిరునామా కూడా అంతే. కారు రాత్రిపూట నిలిచే చోటును బట్టి ధర ఉంటుంది. తక్కువ పడుతుందని వేరే ఊళ్ళో ఉన్న బావ చిరునామా ఇవ్వకండి. తిండి డెలివరీకి సొంత కారు వాడితే మామూలు పాలసీ వర్తించకపోవచ్చు. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్ళకు అసలు ఆ పనే వీసాకు ముప్పు.

9. ఇప్పుడు ధర తగ్గిద్దాం

లిమిట్లు ఖాయం చేశాక ఈ ప్రశ్నలు ఒక్కొక్కటే అడగండి. ఆరు నెలలది ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారు? ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా కట్టేలా పెడితే? అద్దె ఇంటి సామాను బీమా కూడా మీ దగ్గరే తీసుకుంటే? 25 ఏళ్ళ లోపు పూర్తికాల విద్యార్థిని, మార్కులు బాగున్నాయి, దానికి తగ్గింపు ఉందా? డిఫెన్సివ్ డ్రైవింగ్ సర్టిఫికెట్ ఉంటే? ఏడాదికి తక్కువ మైళ్ళు నడిపితే?

నడిపే తీరును ఫోన్ యాప్‌తో గమనించి తగ్గింపు ఇచ్చే పథకాలు కూడా ఉన్నాయి. గట్టిగా బ్రేకు వేయడం, అర్ధరాత్రి నడపడం వీటిలో లెక్కకొస్తాయి. క్యాంపస్ ఉద్యోగం ముగించుకుని రోజూ రాత్రి ఒంటిగంటకు ఇంటికొచ్చేవాళ్ళయితే ముందుగా ఒకటి అడగండి: "దీనివల్ల ధర తగ్గడమేనా, పెరిగే అవకాశం కూడా ఉందా?"

ఇంకొకటి క్రెడిట్ స్కోరు. టెక్సాస్‌తో సహా చాలా రాష్ట్రాల్లో అది ధర మీద పనిచేస్తుంది. కాలిఫోర్నియా, మసాచుసెట్స్, హవాయిలలో వాడనివ్వరు. కొత్తగా దిగినప్పుడు మీకు స్కోరే ఉండదు. ఒక చిన్న క్రెడిట్ కార్డు తీసుకుని నెలనెలా పూర్తిగా కడుతూ ఉంటే ఏడాదిలో మీ పరిస్థితి మారుతుంది. అందుకే ఆరు నెలలకోసారి, పాలసీ గడువు తీరడానికి మూడు వారాల ముందు, మళ్ళీ మూడు చోట్ల ధర అడగండి.

10. సెలవులకు ఇంటికి వస్తున్నారా?

డిసెంబరు నుంచి నెలన్నర కోదాడలో ఉంటారు, కారు పార్కింగ్‌లో ఉంటుంది. "నడపని కారుకు బీమా ఎందుకు?" అని కట్టడం ఆపేస్తారు. తిరిగొచ్చి కొత్త పాలసీ అడిగితే ధర పెరిగి ఉంటుంది, మధ్యలో బీమా లేని రోజులు ఉండటాన్ని కంపెనీలు ముప్పుగా చూస్తాయి కాబట్టి. ఆపకండి. నిలిపి ఉంచే కాలానికి ప్రీమియం తగ్గించే మార్గం ఉందా అని బయల్దేరే ముందే ఫోన్ చేసి అడగండి. బీమా లేకుండా నడుపుతూ దొరికితే టెక్సాస్‌లో మొదటిసారి జరిమానా 175 నుంచి 350 డాలర్లు, రెండోసారి 350 నుంచి 1,000.

11. వాట్సాప్‌లో దొరికే సగం ధర పాలసీ

మన గ్రూపుల్లో ఎవరో పెడతారు: "తెలుగు స్టూడెంట్స్‌కు స్పెషల్ రేటు, జెల్ యాప్‌లో డబ్బు పంపితే గంటలో కార్డు." కార్డు వస్తుంది, చూడ్డానికి అచ్చం అసలుదే. కొన్నిసార్లు పాలసీ అసలు ఉండదు. కొన్నిసార్లు మీ వయసు, చిరునామా మార్చేసి తీసుకుంటారు, మొదటి వాయిదా తర్వాత అది రద్దవుతుంది. ఏజెంటు లైసెన్సును రాష్ట్ర బీమా శాఖ వెబ్‌సైట్‌లో చూడండి. డబ్బు కంపెనీ పేరు మీదే కట్టండి. పాలసీ నంబరుతో కంపెనీకి మీరే ఫోన్ చేసి "ఇది నడుస్తోందా?" అని అడగండి. మన భాష మాట్లాడినంత మాత్రాన మనవాడు కాడు.

వేరే దేశం వెళ్ళినవాళ్ళకు

ఆస్ట్రేలియాలో పొరపాటు ఇంకోలా జరుగుతుంది. న్యూ సౌత్ వేల్స్‌లో తప్పనిసరిగా తీసుకునే గ్రీన్ స్లిప్ మనుషులకు తగిలిన గాయాలకే. అవతలి కారుకు జరిగిన నష్టం అందులో లేదు. విక్టోరియాలో రిజిస్ట్రేషన్‌తో పాటు కట్టే టీఏసీ చార్జీ కూడా అంతే. "రెగో (రిజిస్ట్రేషన్) కట్టాను, అన్నీ ఉన్నాయి" అనుకుని తిరిగేవాళ్ళు కనీసం థర్డ్ పార్టీ ప్రాపర్టీ అయినా తీసుకోవాలి. కెనడాలో బ్రిటిష్ కొలంబియా, మానిటోబా, సస్కాచెవాన్‌లలో మూల బీమా ప్రభుత్వ సంస్థ నుంచే వస్తుంది, కనుక అక్కడ మీ బేరమంతా అదనపు కవరేజీ దగ్గరే. ఒంటారియోలో కంపెనీలు ప్రైవేటువి, ధరలు మంటే. అక్కడికి వెళ్ళేవాళ్ళకు ఇండియా డ్రైవింగ్ అనుభవాన్ని ధ్రువీకరించే లేఖ లైసెన్సు పరీక్షల దగ్గర బాగా అక్కరకొస్తుంది. దాన్ని ఇక్కడుండగానే తెచ్చుకోండి.

ఆ రోజు వస్తే

రాకూడదనే కోరుకుందాం. వస్తే మాత్రం చేతులు వణుకుతాయి, ఇంగ్లీషు మాటలు అందవు. కాబట్టి ఇవాళే ఫోనులో రాసి పెట్టుకోండి. బండి ఆపాలి, అక్కణ్ణుంచి వెళ్ళిపోకూడదు. ఎవరికైనా దెబ్బ తగిలితే 911. రెండు కార్ల ఫొటోలు, నంబరు ప్లేట్లు, రోడ్డు, సిగ్నల్. అవతలి వాళ్ళ లైసెన్సు, బీమా కార్డు ఫొటో. చూసినవాళ్ళు ఉంటే వాళ్ళ ఫోను నంబరు. "తప్పు నాదే, క్షమించండి" అని మన అలవాటు కొద్దీ అనేయకండి, ఏం జరిగిందో అంతే చెప్పండి. "ఐదు వందలు ఇచ్చెయ్, కంపెనీకి ఎందుకు చెప్పడం" అంటే ఒప్పుకోకండి. ఆ రాత్రి బాగానే ఉన్న మెడ తెల్లారేసరికి పట్టేయవచ్చు, మీదైనా, వాళ్ళదైనా. తర్వాత మీ కంపెనీ క్లెయిమ్ నంబరుకు ఫోన్ చేయండి.

ఇంటికి ఫోను ఇవన్నీ అయ్యాకే. అక్కడ అర్ధరాత్రి అయి ఉంటుంది. నాయిన ఎత్తగానే "నాకేం గాలే" అని మొదలుపెట్టండి. కారు సంగతి ఆ తర్వాత చెప్పొచ్చు.